పసిపిల్లల తలకు దెబ్బ తగిలితే ఫిట్స్ ఎందుకొస్తాయి?

పుట్టినప్పుడు బిడ్డ పొడవులో దాదాపు నాలుగో వంతు తలే. ఆ బరువును ఆపేంత బలం మెడకు ఉండదు. అందుకే మంచం మీంచి దొర్లినా, చేతుల్లోంచి జారినా చాలాసార్లు ముందు నేలకు తగిలేది తలే. ఎక్కువమందికి బొప్పి కట్టి ఊరుకుంటుంది. కొద్దిమందికి మాత్రం ఫిట్స్ వస్తాయి. ఇక జీవితాంతం మూర్ఛేనా అని ఇంట్లోవాళ్లు హడలిపోతారు. అసలు ముందు చూడాల్సింది ఫిట్స్ ఎప్పుడు వచ్చాయన్నది.

దెబ్బ తగిలిన వారంలోపు వచ్చే ఫిట్స్ పెద్దవాళ్లలోకంటే పసిపిల్లల్లో ఎక్కువ. ఎదిగిన మెదడులో గాబా అనే రసాయనం నరకణాలకు బ్రేకులా పనిచేస్తుంది. పసి నరకణాల్లో క్లోరైడ్ ఎక్కువగా ఉండటం వల్ల అదే గాబా ఒక్కోసారి వాటిని ఇంకా రెచ్చగొడుతుంది. దానికి వాపో, రక్తస్రావమో తోడైతే ఫిట్స్ మొదలవుతాయి. ఇలా తొలిరోజుల్లో వచ్చినంత మాత్రాన అది ఎపిలెప్సీ, అంటే మూర్ఛ వ్యాధి, అయిపోదు. వారం దాటాక వచ్చేవాటిని డాక్టర్లు మరింత సీరియస్‌గా తీసుకుంటారు, అవి మళ్లీ మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువ. గాయం ఎంత పెద్దదన్నదీ ముఖ్యమే. పిల్లలూ పెద్దలూ కలిపి 4,541 మంది గాయపడినవాళ్లను పరిశీలించి 1998లో అమెరికాలో ప్రచురించిన అధ్యయనంలో, ఐదేళ్లలో ఫిట్స్ వచ్చే అవకాశం స్వల్ప గాయమైతే 0.7 శాతం, తీవ్రమైనదైతే 10 శాతం అని తేలింది.

చిక్కల్లా ఏమిటంటే, పసిపిల్లల ఫిట్స్ చాలాసార్లు ఫిట్స్‌లా కనిపించవు. కాళ్లూ చేతులూ కొట్టుకోకపోవచ్చు. కళ్లు ఒక పక్కకి లాగేసి అలాగే నిలిచిపోతాయి. పెదాలు ఊరికే చప్పరిస్తుంటే ఆకలేమో అనుకుంటాం. సైకిల్ తొక్కినట్టు కాళ్లాడిస్తుంటే ఆట అనుకుంటాం. కాసేపు ఊపిరే ఆగవచ్చు. వణుకుతున్న చేతిని మెల్లగా పట్టుకుంటే మామూలు వణుకైతే ఆగుతుంది, ఫిట్స్ అయితే సాధారణంగా ఆగవు. కొన్నయితే మెదడులోని విద్యుత్ సంకేతాలను నమోదు చేసే ఈఈజీ పరీక్షలో తప్ప బయటపడవు. అనుమానం వస్తే ఫోన్లో వీడియో తీసి ఉంచండి, ఎంత వివరంగా చెప్పినా దానికి సాటి రాదు.

ఫిట్స్ వస్తుంటే బిడ్డను పక్కకి తిప్పి పడుకోబెట్టి, టైము చూసుకోవాలి. నోట్లో ఏమీ పెట్టకూడదు. ఒక్కసారి వచ్చి తగ్గిపోయినా ఆసుపత్రికి వెళ్లాల్సిందే. ఫిట్స్ లేకున్నా బిడ్డ మత్తుగా ఉన్నా, పదేపదే వాంతులైనా, మాడు ఉబ్బినా, మూడడుగుల పైనుంచి పడ్డా ఆలస్యం చేయొద్దు. రెండేళ్లలోపు పిల్లల్లో నుదుటి బొప్పికంటే తల పక్కనో వెనకో వచ్చిన వాపుకే ఎక్కువ భయపడాలి.

ఎలా పడ్డాడని ఆసుపత్రిలో గుచ్చి గుచ్చి అడుగుతారు. కోపం తెచ్చుకోకండి. బిడ్డను గట్టిగా పట్టి కుదిపేస్తే, పైకి చిన్న గీత కూడా లేకుండానే లోపల రక్తస్రావమై ఫిట్స్ రావచ్చు. అలా జరగలేదని తేల్చుకోవడానికే ఆ ప్రశ్నలు.