మంచం పక్కన చేసే దుఆ

ఇంట్లో మంచానపడ్డ దాదీనో నానానో చూసుకుంటున్న పిల్లలకు, అస్సలాము అలైకుమ్.

రాత్రి నిద్ర చాలక, పొద్దున క్లాసులో పాఠం తలకెక్కక, "ఇలా ఎన్నాళ్లు?" అని మనసులో అనిపించిందనుకోండి, మీ ఈమాన్ (విశ్వాసం) తగ్గిపోయిందని బెంగపడకండి. యూసుఫ్ మీద దిగులుతో యాఖూబ్ ప్రవక్త కళ్లు తెల్లబడిపోయాయని ఖుర్‌ఆన్ 12వ సూరాలో ఉంది. నా బాధ, నా దుఃఖం అల్లాహ్‌కే మొరపెట్టుకుంటున్నాను అన్నారాయన. మన ప్రవక్త (స) కూడా పసివాడైన కొడుకు ఇబ్రాహీం ప్రాణం పోతుంటే కన్నీళ్లు పెట్టుకున్నారు. కాబట్టి ఏడుపొస్తే ఏడవండి. ఆ తర్వాత ఏం అడగాలో చెబుతాను.

చిన్నతనంలోనే ప్రవక్త ఇంట సేవకు చేరిన అనస్ బిన్ మాలిక్, ఆయన నోట తరచుగా విన్న దుఆ (వేడుకోలు) ఒకటి చెప్పారు. హదీసుల (ప్రవక్త మాటలు, చేతల కథనాల) గ్రంథమైన సహీహ్ బుఖారీలో ఉంది:

అల్లాహుమ్మ ఇన్నీ అఊజు బిక మినల్ హమ్మి వల్ హజన్, వల్ అజ్‌జి వల్ కసల్, వల్ బుఖ్లి వల్ జుబ్న్, వ దలఇద్ దైని వ గలబతిర్ రిజాల్.

ఓ అల్లాహ్! రాబోయేదాని గురించిన చింత, జరిగినదాని గురించిన దుఃఖం, చేతకానితనం, బద్ధకం, పిసినారితనం, పిరికితనం, అప్పుల భారం, మనుషుల దౌర్జన్యం, వీటన్నిటి నుంచి నీ రక్షణ కోరుతున్నాను అని భావం. రోగి ఉన్న ఇంట్లో ఇవి ఒకదాని వెనక ఒకటి ఎలా వస్తాయో చూడండి. రేపు ఏమవుతుందోనన్న చింతతో ఒళ్లు బరువెక్కుతుంది, మందు వేళ దాటిపోతుంది. ఆస్పత్రి బిల్లు అప్పవుతుంది, అప్పిచ్చినవాడు గుమ్మంలోకొచ్చి మాటలంటాడు. ఒక్క దిగులు పోతే చాలని కాకుండా, ఆ గొలుసు మొత్తం తెగాలని అడుగుతున్నాం. నాకు ఈ దుఆ మీద అంత ప్రేమ అందుకే.

దీన్ని ఇన్నిసార్లే చదవాలని ఆ హదీసులో లెక్కేమీ లేదు. వందసార్లు చదివితే జబ్బు నయమవుతుందని ఎవరైనా పంపితే పట్టించుకోకండి. లెక్క పూర్తయినా రోగం తగ్గకపోతే, పిల్లలు తమ దుఆలోనే లోపముందని కుమిలిపోతారు. నమాజులో చివర కూర్చున్నప్పుడు, సలాం తిప్పే ముందు చదువుకోవచ్చు. సలాం అయ్యాక చేతులెత్తి మీ కష్టం తెలుగులోనే చెప్పుకోండి. రాత్రి చివరి మూడో భాగం దుఆ అంగీకరించే వేళ. పక్క మార్చడానికి మూడింటికి ఎలాగూ లేస్తారు కదా, రెండు నిమిషాలు అప్పుడు అడగండి. రోగి నిద్రలో ఉంటే గొంతెత్తకండి.

రోగి కోసమైతే కుడిచేత్తో ఒళ్లు నిమురుతూ ఇలా చదవాలి: అజ్‌హిబిల్ బఅస రబ్బన్నాస్, వష్ఫి అన్తష్షాఫీ, లా షిఫాఅ ఇల్లా షిఫాఉక, షిఫాఅన్ లా యుగాదిరు సఖమా. మనుషుల ప్రభువా, ఈ బాధ తొలగించు, జబ్బు ఆనవాలు మిగలని స్వస్థత ఇవ్వు అని అర్థం. చదువుతూనే మందూ వేయాలి. వైద్యం చేయించుకోమని చెప్పినదీ ప్రవక్తే.

నమాజు దగ్గర పిల్లలు ఎక్కువగా తడబడేది శుభ్రత విషయంలో. మన తెలుగు నేల మీద ఎక్కువమంది పాటించే హనఫీ పద్ధతిలో, డైపర్ మార్చినంత మాత్రాన వుజూ (నమాజుకు ముందు చేసుకునే శుద్ధి) పోదు. మూత్రం తగిలిన చోటు కడుక్కుంటే చాలు. బట్ట మీద పడితే మాత్రం ఆ బట్ట మార్చాలి, లేదా మూడుసార్లు నీళ్లు మార్చి ప్రతిసారీ గట్టిగా పిండాలి. నమాజుకని ఒక జత విడిగా కొక్కేనికి తగిలించి ఉంచండి. అది లేకే "తర్వాత స్నానం చేసి చదువుదాం" అనుకుంటారు, సాయంత్రపు అసర్ నమాజు కాస్తా పొద్దుగుంకాక చదివే మగ్రిబ్‌లో కలిసిపోతుంది. రోగిని ఒంటరిగా వదిలితే ప్రమాదమనుకుంటే, అబ్బాయిలు మసీదులో జమాత్‌కు వెళ్లకుండా ఇంట్లోనే చదువుకోవచ్చు. శుక్రవారం జుమా అయినా సరే, దాని బదులు మధ్యాహ్నపు జుహర్ నమాజు చదవాలి. బద్ర్ యుద్ధమప్పుడు ఉస్మాన్ (ర) జబ్బుపడ్డ భార్య రుఖయ్యా దగ్గర ఉండిపోయారు. ఆమె ప్రవక్త కూతురే. బద్ర్‌లో పాల్గొన్నవాడికి ఉండే పుణ్యం, యుద్ధంలో దక్కిన సొమ్ములో వాటా రెండూ నీకున్నాయని ప్రవక్త ఆయనకు చెప్పారు.

పడుకునే ముందు తస్బీహ్ మరవకండి: సుబ్‌హానల్లాహ్ 33, అల్‌హమ్‌దులిల్లాహ్ 33, అల్లాహు అక్బర్ 34. దీనికి మాత్రం లెక్క హదీసులోనే ఉంది. తిరగలి తిప్పి తిప్పి చేతులు నొప్పెట్టి, పనిమనిషి కావాలని అడగబోయిన తన కూతురు ఫాతిమా (ర)కు ప్రవక్త నేర్పింది ఇదే. వేళ్ల కణుపుల మీద లెక్కపెట్టుకోండి. మధ్యలో నిద్రపట్టేస్తే పట్టనివ్వండి.

ఇంకొకటి. రెండు వారాలుగా ఏడుపు ఆగకపోయినా, తిండి సహించకపోయినా, చచ్చిపోవాలనిపించినా దాన్ని దుఆతోనే సరిపెట్టుకోకండి. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే రెండు వారాలు ఆగక్కర్లేదు, ఆ రోజే పెద్దవాళ్లకు చెప్పండి. 14416కు ఫోన్ చేస్తే టెలి మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి) వాళ్లు తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు.

ఇక తల్బీనా, అంటే బార్లీ జావ సంగతి. రోగికీ, దుఃఖంలో ఉన్నవాళ్లకూ ఇది మనసుకు ఊరటనిస్తుందని ప్రవక్త భార్య ఆయిషా (ర) ద్వారా హదీసు ఉంది. రెండు పెద్ద చెంచాల బార్లీ పిండిని ముందు చన్నీళ్లలో కలపండి, లేకపోతే ఉండకడుతుంది. గ్లాసు నీళ్లు పోసి సన్నసెగ మీద పదిహేను నిమిషాలు కలుపుతూ ఉడికించి, అరగ్లాసు పాలు పోసి దించండి. గోరువెచ్చగా అయ్యాక తేనె వేయండి, షుగర్ ఉన్నవాళ్లకైతే వద్దు. దాదీకి ఒక గిన్నె ఇచ్చి, మీరూ ఒక గిన్నె తాగండి.

దుఆలతో,
మీ పెద్దనాన్న