267వ పోప్: లెక్క ఎక్కడ మొదలైంది?

2025 మే 8న ఎన్నికైన పోప్ 14వ లియోను పత్రికలన్నీ 267వ పోప్ అని రాశాయి. ఆయన్ను ఎన్నుకున్నవారిలో హైదరాబాద్ ఆర్చిబిషప్ కార్డినల్ పూల ఆంథోనీ కూడా ఉన్నారు. పోప్ అంటే రోము బిషప్. ఈ లెక్క యేసు శిష్యుడు పేతురుతో మొదలవుతుంది. శతాబ్దాల పేచీ అంతా ఆ మొదటి అంకె మీదే.

ఇందులో రెండు ప్రశ్నలు కలగలిసిపోయాయి. పేతురు రోముకు వచ్చాడా? వస్తే, అక్కడ బిషప్‌గా ఉండి తన అధికారాన్ని ఒక్కరి చేతిలో పెట్టి పోయాడా?

మొదటిదానికి ఆధారం గట్టిదే. పేతురు మా ఊళ్లోనే చనిపోయాడని తొలి శతాబ్దాల్లో రోము తప్ప మరే నగరమూ చెప్పుకోలేదు. క్రీ.శ. 200 ప్రాంతంలో గాయస్ అనే రోము క్రైస్తవుడు, వాటికన్‌కు వస్తే ఆయన స్మారకం చూపిస్తానని రాశాడు. 1940లలో సెయింట్ పీటర్స్ బసిలికా కింద తవ్వితే రెండో శతాబ్దపు స్మారకం నిజంగానే బయటపడింది. అక్కడ దొరికిన ఎముకల సంగతి వేరు. అవి పేతురువేనని 1968లో పోప్ 6వ పాల్ ప్రకటించినా పండితులందరూ ఒప్పుకోలేదు.

చిక్కంతా రెండో ప్రశ్న దగ్గరే. 96 ప్రాంతంలో రోము సంఘం కొరింథుకు రాసిన ఉత్తరాన్ని క్లెమెంట్ లేఖ అంటారు. క్లెమెంట్ తొలి పోపుల జాబితాలో ఉన్నవాడు. కానీ లోపల ఆయన పేరే లేదు. సంఘమంతా కలిసి 'మేము' అని మాట్లాడుతుంది. అధ్యక్షులు (అంటే బిషప్పులు), పెద్దలు అనే మాటలు అందులో ఒకే పదవికి వాడినట్టు కనిపిస్తాయి. కొన్నేళ్ల తర్వాత అంతియొకయ బిషప్ ఇగ్నేషియస్, ఆసియా సంఘాలకు రాసిన ఉత్తరాల్లో బిషప్ మాట వినమని పదేపదే చెప్పాడు. రోముకు రాసినప్పుడు మాత్రం అక్కడి బిషప్ ఊసే ఎత్తలేదు. రెండో శతాబ్దం మధ్య దాకా రోమును పెద్దల బృందమే నడిపిందని చాలామంది చరిత్రకారులు అనుకోవడానికి కారణం ఇదే. వారిలో కాథలిక్కులూ ఉన్నారు. ఊసెత్తనంత మాత్రాన బిషప్ లేడనగలమా అనే ఎదురు ప్రశ్నా న్యాయమైనదే.

మనకు దొరికిన మొదటి పేర్ల జాబితా 180 ప్రాంతానిది. రాసినవాడు లియాన్ బిషప్ ఇరేనియస్. అపొస్తలుల, అంటే యేసు పంపిన తొలి శిష్యుల, రహస్య బోధ తమకే అందిందని నాస్టిక్కులు (రహస్య జ్ఞానంతోనే ముక్తి అనే వర్గాలవాళ్లు) చెప్పుకుంటున్న రోజులవి. రహస్యమేమీ లేదు, బహిరంగంగా ఎవరి నుంచి ఎవరికి అందిందో చూడండంటూ ఆయన రోము వరుస ఇచ్చాడు. పేతురు, పౌలు కలిసి సంఘాన్ని స్థాపించి లైనస్‌కు అప్పగించారన్నాడు. అతని లెక్కలో క్లెమెంట్ మూడోవాడు. నేటి వాటికన్ జాబితాలో నాలుగోవాడు. అంటే ఇరేనియస్ పేతురును బిషప్పుల్లో కలపలేదు. 354 నాటి రోము జాబితాకొచ్చేసరికి పేతురే మొదటి బిషప్, పదవీకాలం 25 ఏళ్లు! అదే జాబితా క్లీటస్, అనక్లీటస్ అంటూ ఒకే మనిషిని ఇద్దరిని చేసింది. బోధ ఎక్కడిదో చూపడానికి పుట్టిన వరుస, తర్వాత అధికారపత్రంగా మారిందని నా అభిప్రాయం.

ఆ మార్పును అప్పుడే ఎదిరించినవాళ్లూ ఉన్నారు. రోము బిషప్ స్టీఫెన్ పేతురు పీఠం పేరు చెప్పి తన మాట నెగ్గించుకోబోతే, 256లో కార్తేజ్‌లో 87 మంది బిషప్పులు సమావేశమై కాదన్నారు. బిషప్పులకే బిషప్‌నని మాలో ఎవరూ అనుకోవడం లేదని అక్కడ కార్తేజ్ బిషప్ సిప్రియన్ చురక వేశాడు. రోముతో ఐక్యతను గట్టిగా సమర్థించినవాడూ ఆయనే.

తర్వాతి కథ తెలిసిందే. చక్రవర్తి పోపుకు పశ్చిమ సామ్రాజ్యం మీద అధికారం ఇచ్చాడని చెప్పే కాన్‌స్టాంటైన్ దానపత్రం దొంగదని 1440లో లొరెంజో వల్లా తేల్చాడు. 1519లో లైప్జిగ్‌లో సంస్కర్త లూథర్, పోప్ పక్షాన మాట్లాడిన పండితుడు ఎక్ పోప్ అధికారం మీదే వాదించుకున్నారు. 1870లో మొదటి వాటికన్ మహాసభ ఆ అధికారాన్ని సిద్ధాంతంగా ఖాయం చేసింది.

2007లో రవెన్నాలో కాథలిక్, ఆర్థడాక్స్ ప్రతినిధులు ఒక మాట మీదికి వచ్చారు: తొలి శతాబ్దాల్లో చర్చిల వరుసలో రోముదే మొదటి స్థానం. ఆ స్థానానికి ఉన్న అధికారాలేమిటన్నది మాత్రం తేలలేదు. రష్యన్ ప్రతినిధులైతే, ఎస్టోనియా చర్చి ఎవరి కిందికి వస్తుందన్న గొడవతో మధ్యలోనే లేచి వెళ్లిపోయారు.