ఎఫ్ఏ కప్‌లో రీప్లేలు ఎలా మొదలయ్యాయి, ఎవరి కోసం తీసేశారు

2024 ఏప్రిల్ 18న ఇంగ్లాండ్ ఫుట్‌బాల్ అసోసియేషన్, ప్రీమియర్ లీగ్ కలిసి ఒక డీల్ ప్రకటించాయి. ఆరేళ్ళ డీల్. అందులో ఒక్క లైను మిగతా అన్నిటినీ మింగేసింది. 2024-25 నుంచి ఎఫ్ఏ కప్ (ఇంగ్లాండ్‌లో పెద్దా చిన్నా క్లబ్బులన్నీ ఆడే నాకౌట్ టోర్నీ) ఫస్ట్ రౌండ్ ప్రాపర్, అంటే క్వాలిఫైయింగ్ తర్వాత వచ్చే అసలు మొదటి రౌండ్ మొదలుకుని రీప్లేలు ఉండవు, డ్రా అయితే ఆ రోజే ఎక్స్‌ట్రా టైమ్, అప్పటికీ తేలకపోతే పెనాల్టీలు. అంతే, ప్రీమియర్ లీగ్ కింద మూడు డివిజన్లని నడిపే ఈఎఫ్ఎల్, దాని కింద ఉన్న నాన్‌లీగ్ క్లబ్బులు భగ్గుమన్నాయి. కప్‌లో ఆడే జట్లలో ఎక్కువ మందిమి మేమే, మమ్మల్ని ఒక్క మాట అడగకుండా ఎలా తీసేస్తారు అని.

ఫుట్‌బాల్ ఎప్పుడో ఒకసారి చూసేవాళ్ళకి ఇందులో అంత గొడవేముందో అర్థం కాదు. రీప్లే అంటే పెద్దగా ఏం లేదు, మ్యాచ్ డ్రా అయితే కొన్ని రోజులకి రెండో జట్టు గ్రౌండ్‌లో మళ్ళీ మొదట్నుంచి ఆడటం. కానీ ఈ చిన్న రూల్ చుట్టూ నూట యాభై ఏళ్ళ చరిత్ర ఉంది, దాని కిందేమో డబ్బు లెక్క ఉంది.

ఎఫ్ఏ కప్ మొదలైంది 1871-72లో. అప్పటికి లీగ్ అనేదే లేదు, ఫుట్‌బాల్ లీగ్ వచ్చింది 1888లో 12 క్లబ్బులతో. కప్‌కి మొదటి ఏడాది ఎంట్రీ ఇచ్చినవి 15 క్లబ్బులే. తమాషా ఏంటంటే రీప్లే గొడవ ఆ మొదటి ఏడాదే మొదలైంది, అదీ ఇప్పటికి పూర్తిగా రివర్స్‌లో. గ్లాస్గో నుంచి వచ్చిన క్వీన్స్ పార్క్ సెమీఫైనల్లో వాండరర్స్‌తో లండన్‌లోని ఓవల్ గ్రౌండ్‌లో 0-0 డ్రా చేసుకుంది (అవును, అదే క్రికెట్ ఓవల్). రీప్లే కోసం మళ్ళీ స్కాట్లాండ్ నుంచి లండన్ రావడానికి వాళ్ళ దగ్గర డబ్బుల్లేవు, దాంతో తప్పుకున్నారు. వాండరర్స్ నేరుగా ఫైనల్‌కి వెళ్ళి రాయల్ ఇంజనీర్స్‌ని 1-0తో కొట్టి కప్ పట్టుకెళ్ళారు. అంటే చరిత్రలో రీప్లే వల్ల మొదట దెబ్బ తిన్నది డబ్బు లేని జట్టే. పాతదంతా పవిత్రం అనేవాళ్ళు ఈ ముక్క కూడా గుర్తు పెట్టుకోవాలి.

తర్వాత దాదాపు నూట ఇరవై ఏళ్ళు రీప్లేలకి లెక్కే లేదు, తేలేదాకా ఆడుతూనే ఉండాలి. 1971లో ఒక క్వాలిఫైయింగ్ రౌండ్‌లో అల్వ్‌చర్చ్, ఆక్స్‌ఫర్డ్ సిటీ ఆరు మ్యాచ్‌లు ఆడాయి, మొత్తం 11 గంటల ఆట, చివరికి 1-0తో తేలింది. 1979 జనవరిలో ఆర్సెనల్‌కి థర్డ్ డివిజన్ జట్టు షెఫీల్డ్ వెన్స్‌డే తగిలింది, జాక్ చార్ల్‌టన్ మేనేజరు. ఐదు మ్యాచ్‌లు పట్టింది. ఐదో మ్యాచ్‌లో గట్టెక్కిన ఆర్సెనల్ ఆ ఏడాది కప్పే కొట్టింది.

అందరూ తలచుకునేది మాత్రం 1972 హియర్‌ఫర్డ్ మ్యాచ్. హియర్‌ఫర్డ్ అప్పుడు నాన్‌లీగ్, సదర్న్ లీగ్‌లో ఆడేది. టాప్ డివిజన్‌లో ఉన్న న్యూకాజిల్ గ్రౌండ్‌కి వెళ్ళి 2-2 డ్రా చేసి వాళ్ళని తమ ఊరికి రప్పించింది. వానలకి ఆ రీప్లే వాయిదా మీద వాయిదా పడి చివరికి ఫిబ్రవరి 5న జరిగింది, పిచ్ అంతా బురద. 82వ నిమిషంలో మాల్కం మెక్‌డొనాల్డ్ న్యూకాజిల్‌కి గోల్ కొట్టాడు, ఇంక అయిపోయింది అనుకుంటుండగా రోనీ రాడ్‌ఫర్డ్ ఎక్కడో దూరం నుంచి కొట్టిన షాట్ వెళ్ళి నెట్‌లో పడింది, కుర్రాళ్ళంతా గ్రౌండ్ మీదకి దూకేశారు, ఎక్స్‌ట్రా టైమ్‌లో రికీ జార్జ్ రెండోది కొట్టాడు. ఇప్పటి రూల్ అప్పుడే ఉంటే ఆ ఆట న్యూకాజిల్‌లోనే ఆ సాయంత్రం ముగిసిపోయేది, హియర్‌ఫర్డ్ గ్రౌండ్ ఎడ్గార్ స్ట్రీట్‌లో ఆ బురదా లేదు ఆ గోలూ లేదు.

మొదటి కోత పెట్టింది పెద్ద క్లబ్బులు కాదు, పోలీసులు. మ్యాచ్‌కీ రీప్లేకీ మధ్య బందోబస్తుకి కనీసం పది రోజులు టైమ్ కావాలన్నారు. అలా అయితే మూడేసి నాలుగేసి రీప్లేలు క్యాలెండర్‌లో పట్టవు కదా. 1991-92 నుంచి ఒక్కటే రీప్లే, అదీ డ్రా అయితే పెనాల్టీలు అన్నారు. సరిగ్గా దానికి ముందు, 1991 ఫిబ్రవరిలో, ఎవర్టన్-లివర్‌పూల్ రీప్లే 4-4 అయింది, లివర్‌పూల్ నాలుగుసార్లు లీడ్‌లోకి వెళ్ళి నాలుగుసార్లూ పోగొట్టుకుంది, రెండ్రోజుల్లో కెన్నీ డల్‌గ్లిష్ లివర్‌పూల్ మేనేజర్ పదవికి రాజీనామా చేసేశాడు. మూడో మ్యాచ్ ఎవర్టన్ గెలిచింది.

అక్కడి నుంచి ఒక్కో మెట్టూ పీకేస్తూ వచ్చారు. 1999లో విల్లా పార్క్‌లో ఆర్సెనల్ మీద మాంచెస్టర్ యునైటెడ్ ఆటగాడు రయాన్ గిగ్స్ సగం గ్రౌండ్ పరిగెత్తుకెళ్ళి కొట్టిన గోల్ ఉంది చూడండి, అదే చివరి సెమీఫైనల్ రీప్లే. ఫైనల్‌కి కూడా తీసేశారు, 2016-17లో క్వార్టర్‌ఫైనల్‌కి, 2018-19లో ఫిఫ్త్ రౌండ్‌కి. 2020 ఫిబ్రవరిలో ష్రూస్‌బరీతో రీప్లే ప్రీమియర్ లీగ్ వింటర్ బ్రేక్‌లో పడిందని లివర్‌పూల్ మేనేజర్ యుర్గెన్ క్లాప్ తనూ రాలేదు, సీనియర్లనీ పంపలేదు, లివర్‌పూల్ పిల్లల జట్టు అండర్-23 కోచ్‌తో దిగి 1-0తో గెలిచింది. గెలిచారు సరే, కానీ రీప్లే అంటే పెద్దవాళ్ళకి ఎంత లోకువో ఆ రోజు అందరికీ తెలిసింది. కోవిడ్ టైమ్‌లో రెండు సీజన్లు రీప్లేలు ఆపి 2022-23లో మళ్ళీ తెచ్చారు, అదే ఆఖరి ఊపిరి.

ఇక డబ్బు సంగతి. లీగ్ మ్యాచ్‌లో టికెట్ల డబ్బు హోమ్ టీమ్‌దే. ఎఫ్ఏ కప్‌లో ఏళ్ళ తరబడి నడిచిన పద్ధతి ఏంటంటే, ఖర్చులు పోను హోమ్ టీమ్‌కి 45 శాతం, వచ్చిన టీమ్‌కి 45 శాతం, మిగతా 10 కప్ నిధికి. అంటే ఐదో డివిజన్ క్లబ్బు మాంచెస్టర్ యునైటెడ్ గ్రౌండ్ ఓల్డ్ ట్రాఫర్డ్‌లో ఆడితే ఆ టికెట్లలో దాదాపు సగం దానికొస్తుంది, పైగా అక్కడ డ్రా చేస్తే రీప్లేకి సొంత గ్రౌండ్‌లో టీవీ మ్యాచ్.

ఎక్సెటర్ సిటీ కథ చూడండి. 2002లో ఉరి గెల్లర్, అవును ఆ చెంచాలు వంచే ఆయనే, ఈ క్లబ్బుకి మైకేల్ జాక్సన్‌ని తీసుకొచ్చాడు. మరుసటి ఏడాది క్లబ్బు ఫుట్‌బాల్ లీగ్ నుంచే కిందికి పడిపోయింది, నెత్తి మీద అప్పులు, చివరికి అభిమానులే ట్రస్టు పెట్టుకుని తీసుకున్నారు. 2005 జనవరిలో కప్ థర్డ్ రౌండ్‌లో మాంచెస్టర్ యునైటెడ్ తగిలింది. ఓల్డ్ ట్రాఫర్డ్‌లో 67 వేల పైచిలుకు జనం ముందు 0-0. రీప్లేకి యునైటెడ్ రొనాల్డో, రూనీలతో దిగింది, చెరొకటి కొట్టారు, ఎక్సెటర్ 0-2తో ఓడింది. ఓడితేనేం, ఆ రెండు మ్యాచ్‌ల డబ్బుతో పాత అప్పుల భారం చాలావరకు దిగిపోయింది, 2008లో మళ్ళీ లీగ్‌లోకి వచ్చారు. 2006లో బర్టన్ ఆల్బియన్‌కీ ఇదే యోగం పట్టింది, అదీ యునైటెడ్‌తోనే. 2011లో లేటన్ ఓరియెంట్ చివర్లో గోల్ కొట్టి ఆర్సెనల్‌తో డ్రా చేస్తే ఓనర్ బారీ హర్న్ జట్టుని లాస్ వేగాస్ తీసుకెళ్ళాడు. రీప్లేలో 0-5 ఓడారు, అది వేరే విషయం.

మరి 2024లోనే ఎందుకు? యూరప్ పెద్ద క్లబ్బులు ఆడే ఛాంపియన్స్ లీగ్ 36 జట్లకి పెరిగింది, మొదటి దశలో ఆరు మ్యాచ్‌ల బదులు ఎనిమిది, జనవరిలో కూడా ఆడాలి. ఇంతకుముందు రీప్లేలు పడే వారాలు అవే. యూరప్ కోసం డేట్లు కావాలి, కప్ చిన్నవాళ్ళ ఆట కాబట్టి కోత అక్కడ పడింది, నా దృష్టిలో విషయం ఇంతే. బదులుగా కింది స్థాయి ఫుట్‌బాల్‌కి ఏటా అదనంగా 3.3 కోట్ల పౌండ్ల దాకా ఇస్తామన్నారు, కప్ రౌండ్లన్నీ వీకెండ్లలోనే ఆడిస్తామన్నారు. అది చిన్న మొత్తం కాదు, కానీ అది అందరికీ తలా కొంచెం పంచే డబ్బు, ఎక్సెటర్‌లా మునుగుతున్న ఒక్క క్లబ్బుని ఒక్క రాత్రిలో ఒడ్డున పడేసే డబ్బు కాదు. అడగలేదన్న ఆరోపణకి ఎఫ్ఏ, ఈఎఫ్ఎల్ ప్రతినిధులున్న కమిటీల్లో చర్చించాకే చేశాం అంది. చర్చించడం, ఒప్పుకోవడం ఒకటేనా అన్నది మీరే చెప్పండి.

మొదటి సీజన్లోనే పరీక్ష వచ్చేసింది. 2025 జనవరి 12న ఐదో డివిజన్ టామ్‌వర్త్ తన ప్లాస్టిక్ పిచ్ మీద టాటెన్‌హామ్‌ని 90 నిమిషాలు 0-0తో ఆపేసింది. గోల్‌కీపర్ జస్ సింగ్, వారమంతా బిల్డింగ్ సర్వేయర్ ఉద్యోగం చేసుకుంటాడు. పాత రూల్ అయితే అక్కడితో విజిల్, తర్వాతి మ్యాచ్ 62 వేల సీట్ల టాటెన్‌హామ్ స్టేడియంలో. కొత్త రూల్‌లో ఇంకో అరగంట ఆడించారు, పార్ట్‌టైమ్ కాళ్ళు అలిసిపోయాయి, మూడు గోల్స్ పడ్డాయి. నెల తిరక్కుండా ఫోర్త్ రౌండ్‌లో ఎక్సెటర్, అదే ఎక్సెటర్, ప్రీమియర్ లీగ్ జట్టు నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌తో 2-2 డ్రా చేసింది, పెనాల్టీల్లో ఓడింది.

రెండో వైపు కూడా ఉంది, ఒప్పుకోవాలి. ఒక్క రోజులో తేల్చేస్తే చిన్నవాడికి అదృష్టం కలిసొచ్చే ఛాన్సూ ఎక్కువే. రీప్లేలు ఎప్పుడో మానేసిన ఇంకో నాకౌట్ టోర్నీ లీగ్ కప్‌లో 2025 ఆగస్టులో నాలుగో డివిజన్ గ్రిమ్స్‌బీ 2-2 తర్వాత మాంచెస్టర్ యునైటెడ్‌ని పెనాల్టీల్లో 12-11తో కొట్టింది, ఓల్డ్ ట్రాఫర్డ్‌లో రీప్లే ఉండుంటే అది జరిగేదా అంటే నాకైతే డౌటే. కాకపోతే గ్రిమ్స్‌బీ ఆ రాత్రి గెలిస్తేనే లాభపడింది. ఎక్సెటర్ 2005లో ఓడిపోయి కూడా బాగుపడింది.