కాన్వాస్ జాకెట్లు ఎక్కడ చిరుగుతాయి: అపోహలు - వాస్తవాలు

మిషిగన్‌లో మాది చిన్న ఆల్టరేషన్ షాపు. ప్యాంట్ల పొడవు తగ్గించడం, పెళ్ళి బ్లౌజులు వదులు చేయడం ఏడాదంతా ఉండే పని. అక్టోబరు వచ్చిందంటే మాత్రం బెల్లం రంగు కాన్వాస్ (మందపాటి నూలు గుడ్డ) జాకెట్లు వరసకడతాయి. ప్లంబర్లు, చెట్లు కొట్టేవాళ్ళు, పైకప్పులు వేసేవాళ్ళు తెస్తారు. ఈమధ్య స్టైల్ కోసం కొనుక్కున్న మన పిల్లలూ తెస్తున్నారు. 1889లో హామిల్టన్ కార్‌హార్ట్ మా రాష్ట్రంలోనే ఉన్న డెట్రాయిట్‌లో రైల్వే పనివాళ్ళకు ఓవరాల్స్ కుట్టించడం మొదలుపెట్టాడు. పని బట్టలంటే ఇక్కడివాళ్ళకు అంత పాత అలవాటు, అందుకే ఎవరిని కదిలించినా ఈ జాకెట్ల గురించి ఏదో ఒకటి చెప్తారు. కౌంటర్ దగ్గర తరచూ వినేవి కొన్ని ఇక్కడ రాస్తున్నా.

అపోహ: ఔన్సులు ఎక్కువైతే మన్నిక ఎక్కువ

లేబుల్ మీద 12 ఔన్సులు అని ఉంటే అది చదరపు గజం గుడ్డ బరువు. మన లెక్కలో చదరపు మీటరుకు సుమారు 407 గ్రాములు, అంటే మామూలు చొక్కా గుడ్డకు మూడింతలు. బరువు ముఖ్యమే. కాకపోతే ఆ బరువు ఎలా వచ్చిందో కూడా చూడాలి. చీరాలలో మగ్గాల చప్పుడు మధ్య పెరిగాను కాబట్టి నా కళ్ళు ముందు పడుగు (నిలువు పోగులు), పేక (అడ్డ పోగులు) మీదికే పోతాయి. చవక రకంలో పడుగులో రెండేసి ఒంటిపోగులను పురి పెట్టకుండా పక్కపక్కనే ఉంచి ఒకటిగా నేసేస్తారు. మేలు రకంలో రెండు పోగులు కలిపి పురి పెట్టి పడుగులోనూ పేకలోనూ వాడతారు. తూకంలో రెండూ ఒకటే కావచ్చు. గుడ్డ మీద గోటితో గట్టిగా గీకండి. పోగులు పక్కకు జరిగి సందు పడితే నేత వదులని అర్థం. గంజి బరువూ ఆ ఔన్సుల్లోనే ఉంటుంది, అది మొదటి రెండు మూడు ఉతుకుల్లో పోతుంది.

అసలు సంగతి, ఈ జాకెట్లు గుడ్డ బలహీనమై చిరగడం అరుదు. మొన్న చెట్లు కొట్టే ఆయన ఒకటి తెచ్చాడు. వీపు, భుజాలు కొత్తదానిలా ఉన్నాయి. కుడి మణికట్టు దగ్గర మడత అంచు మాత్రం బ్లేడుతో కోసినట్టు చుట్టూ తెగిపోయింది. అంచుకు అర అంగుళం ఇవతల గుడ్డకు నూగు కూడా లేవలేదు. మడిచిన చోట గుడ్డ గీతలా పైకి తేలి ఉంటుంది. బల్లకైనా, స్టీరింగ్‌కైనా, రంపం పిడికైనా ముందు తగిలేది ఆ గీతే. గుడ్డ ఎంత మందమైతే ఆ మడత అంత బిరుసుగా నిలబడి రాపిడి తింటుంది. మణికట్టు, జేబు మూతి, కాలరు అంచు, జిప్పు: నాకొచ్చే రిపేర్లలో ఎక్కువ భాగం ఇవే. గుడ్డ నడిమధ్యలో చిరిగిందంటే ముళ్ళకంచెకో మేకుకో పట్టుకుని ఉంటుంది.

అందుకే అంచు తెల్లబడి నూగు లేచినప్పుడే తెమ్మంటాను. అప్పుడైతే పైన ఒక పట్టీ వేస్తే సరిపోతుంది. తెగాక తెస్తే మడత మొత్తం విప్పాలి.

అపోహ: దారం ఎంత గట్టిదైతే కుట్టు అంత గట్టిది

ఇది నేనూ నమ్మిందే. షాపు పెట్టిన కొత్తలో ఒక జేబుకు సోఫాలు కుట్టే నైలాన్ దారం ఎక్కించి, కుట్లు బాగా దగ్గరదగ్గరగా కొట్టి పంపాను. మూడు నెలలకు తిరిగొచ్చింది. దారం చెక్కుచెదరలేదు. గుడ్డే సూది రంధ్రాల వెంబడి తపాలా బిళ్ళ చింపినట్టు ఊడింది. సిగ్గుపడి, డబ్బులు తీసుకోకుండా మాసిక వేసి ఇచ్చాను. ఇప్పుడు లోపల పాలిస్టర్, పైన నూలు చుట్టిన దారం, అంగుళానికి ఏడెనిమిది కుట్లు, 110 నంబరు సూది. కుట్టు తెగితే పది నిమిషాల పని. గుడ్డ తెగితే అలా కాదు.

ఈ జాకెట్ల అతుకుల మీద కనిపించే, అందరూ చెప్పుకునే మూడు వరసల కుట్టు గొప్పదనం కూడా ఒక్క దారం వల్ల వచ్చింది కాదు. రెండు ముక్కల అంచులనూ ఒకదానిలో ఒకటి మడిచి దోపుతారు కాబట్టి పచ్చి అంచు బయటపడదు, పోగులు ఊడవు. అలాంటి కుట్లు రెండు అడ్డంగా కలిసే చోట మిషన్ మొరాయిస్తుంది. అక్కడ సుత్తితో నాలుగు దెబ్బలు వేసి అణిచి కుట్టాలి. పక్క షాపువాళ్ళు మొదట్లో మేం వడ్రంగం కూడా చేస్తామనుకున్నారు.

అపోహ: ఉతికితే పాడవుతుంది

ఉతక్కపోతేనే పాడవుతుంది. ఇసుక, రంపపు పొట్టు పోగుల మధ్య చేరి చెయ్యి ఆడించిన ప్రతిసారీ లోపల్నుంచి కోస్తుంటాయి. జేబు అడుగు కుట్టు విప్పితే గుప్పెడు మట్టి రాలుతుంది, ఒకసారి రెండు స్క్రూలు కూడా పడ్డాయి. జిప్పు పెట్టి, తిరగేసి, చన్నీళ్ళలో ఉతికి నీడన ఆరేయండి. డ్రయర్ మాత్రం తగ్గించండి. దాని ఫిల్టర్‌లో చేరే దూదిలో మీ జాకెట్ కూడా కొంత ఉంటుంది. తడిగా కారు డిక్కీలో పడేస్తే బూజు పడుతుంది, బూజు పట్టిన నూలు నిజంగానే కుళ్ళుతుంది. మైనం ఎక్కించిన రకమైతే మెషిన్‌లో వెయ్యకండి. తడిగుడ్డతో తుడిస్తే చాలు.

అపోహ: వానకు ఆగుతుంది

"అంకుల్, ఇది వాటర్‌ప్రూఫేనా?" అని స్టూడెంట్లు అడుగుతారు. కాదు నాయనా. తడిస్తే నూలు పోగులు ఉబ్బి సందులు కొంత మూసుకుంటాయి, అందుకే చిరుజల్లును కాసేపు ఆపుతుంది. ఆ తర్వాత నీళ్ళు తాగి ఇటుకలా బరువెక్కుతుంది. విచిత్రమేమిటంటే తడిసిన నూలుకు బలం తగ్గదు, ఇంకా పెరుగుతుంది. గుడ్డకేం కాదు, లోపలున్న మనిషికే కష్టం. సున్నా డిగ్రీల చలిలో తడి నూలు ఒంటి వేడినంతా లాగేస్తుంది. 1897లో సియాటిల్‌లో మొదలైన ఫిల్సన్ లాంటి కంపెనీలు మైనం పట్టించిన కాన్వాస్ అమ్ముతాయి. అది జల్లును ఇంకా బాగా ఆపుతుంది. కానీ గాలి ఆడదు, పూత పలచబడినప్పుడల్లా మళ్ళీ మైనం పూసుకోవాలి.

అపోహ: ఇంత మందం కదా, వెచ్చగానే ఉంటుంది

కాన్వాస్ గాలిని ఆపుతుంది, అంతే. వెచ్చదనం లోపలి లైనింగ్‌ది. లైనింగ్ లేనిది కొని జనవరిలో బస్టాప్‌లో వణికినవాళ్ళను చూశాను. లోపల స్వెటర్ పట్టేలా ఒక సైజు పెద్దది తీసుకోండి.

అపోహ: నూలే కాబట్టి వెల్డింగ్‌కు భయం లేదు

దీని దగ్గర నేను సరదాగా మాట్లాడలేను. నూలు నైలాన్‌లా కరిగి ఒంటికి అంటుకోదు, నిజమే. కానీ దానికీ నిప్పు అంటుకుంటుంది, మండుతుంది. పైగా చాలా జాకెట్ల లోపలి లైనింగ్ నైలానో పాలిస్టరో, అది కరుగుతుంది. నూగు లేచిన పాత మణికట్టు నిప్పురవ్వకు వత్తిలా దొరుకుతుంది. నూనె మరకలుంటే ఇక చెప్పక్కర్లేదు. మంటను తట్టుకునే రకం వేరే ఉంటుంది, లేబుల్ మీద స్పష్టంగా రాసి ఉంటుంది. వెల్డింగ్‌కు అదే వేసుకోవాలి. మామూలు కాన్వాస్ వేసుకుని వచ్చిన వెల్డర్లకు నేను మాసిక వేస్తూనే ఈ మాట చెప్తాను.

అపోహ: డక్ కాన్వాస్ అంటే బాతుతో ఏదో సంబంధం

లేదు. ఈ జాకెట్ల గుడ్డనే డక్ కాన్వాస్ అంటారు. డచ్చి భాషలో గుడ్డను డూక్ అంటారు, అది ఇంగ్లీషులోకి వచ్చి డక్ అయింది.

అపోహ: పాతకాలపువే గట్టివి

కొంత నిజం, కొంత భ్రమ. అప్పట్లో చిరిగినవి చెత్తలోకి పోయాయి, మిగిలినవే మనకు కనిపిస్తున్నాయి. అయితే కొత్తగా ఉన్నప్పుడే మెత్తగా, వెలిసినట్టు ఉండేలా ఫ్యాక్టరీలో రుద్ది ఉతికి అమ్మే రకాల మీద నాకు గురి లేదు. కొంత ఆయుష్షు అక్కడే ఖర్చయిపోతుంది. బిరుసుగా ఉన్నది కొనుక్కుని ఒక చలికాలం ఓపిక పట్టడం మేలు.

అపోహ: ఇంటికి పంపడానికి మంచి గిఫ్ట్

నేనూ పంపాను, మా నాన్నకు. చీరాల ఉక్కపోతలో ఆయన దాన్ని నాలుగుసార్లు వేసుకుని ఉంటాడేమో, అదీ డిసెంబరు తెల్లవారుజామున. మిగతా రోజులన్నీ బీరువాలోనే. మొన్న ఫోన్ చేసి, ఉప్పుగాలికి ఇత్తడి జిప్పుకు చిలుము పట్టి రన్నర్ కదలడం లేదన్నాడు. పళ్ళమీద కొవ్వొత్తి ముక్క రుద్దమన్నాను. కదిలిందట.