జ్వరం తగ్గినా గుర్రం కోలుకోనట్టే

నాందేడ్ జిల్లా మాళేగావ్‌లో మార్గశిర మాసంలో జరిగే ఖండోబా జాతర ధర్మాబాద్, దెగ్లూర్ వైపు తెలుగువాళ్లకు కొత్త కాదు. దూరప్రాంతాల గుర్రాలు అక్కడికి అమ్మకానికి వస్తాయి. అన్ని గుర్రాలు ఒకచోట చేరితే నాకు ముందు గుర్రాల ఫ్లూ గురించే దిగులు. దగ్గు తుంపరలతో పాకే ఈ జబ్బు మన దేశంలో 1987లోనూ, 2008-09లోనూ విజృంభించింది.

దీనికి కారణమైన హెచ్3ఎన్8 వైరస్ శ్వాసనాళం లోపలి పొరలో చేరుతుంది. ఆ కణాల మీద శైలికలనే సన్నని నూగు ఉంటుంది. దుమ్మునూ క్రిములనూ పట్టుకున్న జిగురును పైకి నెట్టడం దాని పని.

వైరస్ చొరబడిందని పసిగట్టిన కణం తనను తానే చంపుకుంటుంది. దొంగ స్థిరపడకముందే ఇంటివాడు ఇల్లు కూల్చుకోవడం లాంటిదిది. 1972లో దీనికి అపాప్టోసిస్ అని పేరు పెట్టారు. కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా అనే భాగాల నుంచి సైటోక్రోమ్ సి అనే ప్రొటీన్ బయటికి వస్తుంది. దాంతో కాస్పేజ్‌లనే ఎంజైములు మేల్కొని లోపలి ప్రొటీన్లను కోసేస్తాయి. డీఎన్ఏ తునకలవుతుంది, కణం ముడుచుకుని చిన్న చిన్న ముక్కలుగా విడిపోతుంది, భక్షక కణాలు వాటిని మింగేస్తాయి.

హెర్పిస్ కుటుంబపు వైరస్‌లు ఈ చావును వాయిదా వేయించి కణంలో దాక్కుంటాయి. హెచ్3ఎన్8 లాంటి ఇన్‌ఫ్లుయెంజా ఎ రకం వైరస్‌లు మాత్రం ఆ చావునే వాడుకుంటాయి. వాటి జన్యుపదార్థం కాపీలు తయారయ్యేది కణ కేంద్రకంలో. కాస్పేజ్-3ను అడ్డుకుంటే ఆ కాపీల్లో చాలావరకు అక్కడే చిక్కుకుపోతాయని 2003లో ప్రయోగశాల కణాల మీద తేలింది. కణం తన రక్షణకు సిద్ధం చేసుకున్న ఎంజైమే శత్రువుకు తలుపు తీస్తోందన్నమాట! ఇది చదివిన ప్రతిసారీ నాకు ఆశ్చర్యమే.

నష్టం మాత్రం గుర్రానిదే. చనిపోయిన కణాలతో పాటు శైలికలూ రాలిపోతాయి. జ్వరం కొద్ది రోజుల్లో తగ్గినా, ఆ పొర మళ్లీ పెరగడానికి కనీసం మూడు వారాలు కావాలి. ఈలోగా బాక్టీరియా ఊపిరితిత్తుల్లోకి దిగితే న్యుమోనియా వస్తుంది. అందుకే జ్వరం ఉన్న ఒక్కో రోజుకు ఒక్కో వారం విశ్రాంతి ఇవ్వాలని పశువైద్యులు చెబుతారు. మేత మేస్తోంది కదా అని అలాంటి గుర్రాన్ని పెళ్లి ఊరేగింపులో దుమ్ములో నడిపించడం అన్యాయం. గాలి ఆడే పాకలో విడిగా కట్టి, దుమ్ము లేవకుండా తడిపిన గడ్డి వేస్తే ఆ పొర త్వరగా మానుతుంది.