గచ్చిబౌలి నుంచి ఢిల్లీకి: హైదరాబాద్ ఎఫ్‌సీ ఎలా చేజారింది

2022 మార్చి 20 రాత్రి. గోవాలోని ఫతోర్డా స్టేడియంలో దేశ ఫుట్‌బాల్ లీగ్ ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) ఫైనల్ పెనాల్టీ షూటౌట్ దాకా వచ్చింది. స్టాండ్స్‌లో ఎటు చూసినా కేరళ బ్లాస్టర్స్ అభిమానులే. గోల్‌పోస్టుల మధ్య హైదరాబాద్ గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి నిలబడ్డాడు. లెస్కోవిచ్ కొట్టిన బంతిని ఆపాడు. నిషు కుమార్ కొట్టినదాన్నీ ఆపాడు. గీత దాటి ముందుకొచ్చావంటూ రెఫరీ మళ్లీ కొట్టిస్తే, అదీ ఆపాడు. ఆ తర్వాత జీక్సన్ సింగ్ వంతు, అతనికీ అంతే. హాలీచరణ్ నర్జారీ చివరి కిక్‌ను వలలోకి పంపడంతో 3-1 తేడాతో హైదరాబాద్ ఎఫ్‌సీ దేశానికి ఛాంపియన్ అయింది. అసలు ఆట 88వ నిమిషం దాకా కేరళ చేతుల్లోనే ఉంది. సాహిల్ తవోరా గోల్ కొట్టకపోతే షూటౌటే ఉండేది కాదు.

ఆ రాత్రి నుంచి నాలుగేళ్లు కూడా గడవకుండానే హైదరాబాద్ ఎఫ్‌సీ అనే పేరు లీగ్ నుంచి పోయింది. 2025 అక్టోబర్‌లో క్లబ్ ఢిల్లీకి తరలి, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీగా పేరు మార్చుకుంది. ఓడిపోయినందుకు కింది డివిజన్‌కు దిగిపోయి ఉంటే అర్థం చేసుకోవచ్చు, మళ్లీ గెలిచి పైకి రావచ్చు. ఇక్కడ అది జరగలేదు. డబ్బు అయిపోయింది, చేతులు మారింది, ఊరు మారింది. ఆటలో ఓడినా పోని చోటు డబ్బుకు పోయింది. దీన్ని అర్థం చేసుకోవాలంటే 2019కి కాదు, ఇంకా వెనక్కి వెళ్లాలి.

ఫుట్‌బాల్ హైదరాబాద్‌కు కొత్త ఆట కాదు. 1950 నుంచి 1954 దాకా బొంబాయిలో జరిగే రోవర్స్ కప్‌ను వరసగా ఐదేళ్లు గెలిచింది హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు. ఆ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం స్కూల్ టీచర్‌గా పనిచేసినవాడు. ఆయన కోచ్‌గా ఉండగానే భారత్ 1951లో ఢిల్లీలో, 1962లో జకార్తాలో ఆసియా క్రీడల స్వర్ణాలు గెలిచింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. జకార్తా తర్వాత ఏడాది తిరగకుండానే, 1963 జూన్‌లో ఆయన క్యాన్సర్‌తో పోయారు. సికింద్రాబాద్ అమ్ముగూడ నుంచి తులసీదాస్ బలరామ్, ఆ తర్వాతి తరాల్లో సయ్యద్ నయీముద్దీన్, షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్... ఈ ఊరు ఎంతమందిని ఇచ్చిందో చెప్పుకుంటూ పోతే ఇంకో కథనం అవుతుంది.

ఆ కాలంలో ఆటగాడి పొట్ట నింపింది క్లబ్ కాదు, డిపార్ట్‌మెంట్. బాగా ఆడితే పోలీసులో ఉద్యోగం దొరికేది. ఒకటో తారీఖున జీతం పడేది, ఆట మానేశాక కూడా ఉద్యోగం ఉండేది. వైభవం లేకపోవచ్చు గానీ ఇంటి అద్దె గురించి టెన్షన్ లేదు. ఆ పద్ధతి నెమ్మదిగా బలహీనపడింది. దాని స్థానంలో వచ్చిన ప్రొఫెషనల్ క్లబ్బులు జీతాన్ని ఒక యజమాని చెక్కుబుక్కుకు ముడిపెట్టాయి.

అలాంటి క్లబ్బులు మన దేశంలో ఎన్ని పుట్టాయో అన్నీ మూతపడ్డాయేమో అనిపిస్తుంది. 1997లో మొదలై దేశంలో తొలి ప్రొఫెషనల్ క్లబ్బుగా పేరు తెచ్చుకున్న ఎఫ్‌సీ కొచ్చిన్ కొద్ది ఏళ్లలోనే డబ్బుల్లేక కూలిపోయింది. 1996-97లో తొలి నేషనల్ ఫుట్‌బాల్ లీగ్ గెలిచిన ఫగ్వాడా జేసీటీ 2011లో జట్టును రద్దు చేసింది. ముంబైలో మహీంద్రా యునైటెడ్ అంతకు ముందు ఏడాదే మూసేశారు. 2016లో గోవాకు చెందిన సల్గావ్కర్, స్పోర్టింగ్ క్లబ్ రెండూ అప్పటి జాతీయ లీగ్ అయిన ఐ-లీగ్ నుంచి తప్పుకున్నాయి. కారణాలు వేరువేరుగా చెప్పారు. అన్నిటి అడుగునా ఉన్నది మాత్రం ఒకటే లెక్క: ఖర్చు ఏటా ఉంటుంది, రాబడి లేదు, యజమాని ఓపిక ఉన్నంత వరకే జట్టు.

ఐఎస్‌ఎల్ ఆ లెక్కను మార్చకుండా, దాని మీద పెద్ద మేడ కట్టింది. 2010 డిసెంబర్‌లో అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య తన వాణిజ్య హక్కులను 15 ఏళ్లకు 700 కోట్ల రూపాయలకు ఐఎంజీ-రిలయన్స్‌కు ఇచ్చింది. 2014లో ఐఎస్‌ఎల్ మొదలైంది. అప్పట్లో ఇందులో చోటు కావాలంటే కింది డివిజన్ల నుంచి గెలుచుకుంటూ రానక్కర్లేకపోయింది, ఫ్రాంచైజీ ఫీజు కట్టాల్సి వచ్చేది. ఆ ఫీజు ఏటా పది కోట్ల పైమాటే ఉండేది. దానికి తోడు ఆటగాళ్ల జీతాలు, స్టేడియం అద్దె, ప్రయాణాలు, హోటళ్లు. జీతాలకు కొన్నేళ్ల పాటు 16.5 కోట్ల పరిమితి పెట్టారు. ఆ పరిమితి లోపల ఉన్నా, టిక్కెట్లు, జెర్సీలు, స్పాన్సర్లతో అంత సొమ్ము రాబట్టడం కష్టం. నష్టాన్ని యజమాని జేబులోంచి పూడ్చాలి.

మొదట్లో ఈ లీగ్‌లో కింది డివిజన్‌కు దిగడం అనేదే లేదు. యజమానులకు భరోసా ఇవ్వడానికి అలా పెట్టారు. ఆఖరి స్థానంలో ఉన్నా వచ్చే ఏడాది సీటు ఖాయం. ఆ భరోసా పెట్టుబడి పెట్టినవాడికే గానీ ఊరికి కాదన్న సంగతి 2019 ఆగస్టులో బయటపడింది. డబ్బు ఇబ్బందుల్లో ఎఫ్‌సీ పూణె సిటీ మూతపడితే ఆ ఖాళీలో విజయ్ మద్దూరి, వరుణ్ త్రిపురనేని హైదరాబాద్ ఎఫ్‌సీని తెచ్చారు. అదే నెలలో ఢిల్లీ డైనమోస్ భువనేశ్వర్‌కు తరలి ఒడిశా ఎఫ్‌సీ అయింది. పూణె వాళ్ల చోటు మనకు వచ్చినప్పుడు మనం సంబరపడ్డాం. పూణెలో ఆ జట్టు కోసం స్టాండ్స్‌లో కూర్చున్నవాళ్ల గురించి ఎవరం ఆలోచించలేదు, నేను కూడా.

మొదటి సీజన్ దారుణం. గచ్చిబౌలి బాలయోగి స్టేడియం సొంత మైదానంగా ఆడి, పట్టికలో అట్టడుగున నిలిచారు. ఆ మధ్యలోనే నటుడు రానా దగ్గుబాటి సహ యజమానిగా చేరారు. తర్వాత స్పెయిన్ నుంచి మనోలో మార్కెజ్ కోచ్‌గా వచ్చి పెద్ద పేర్ల వెంట పడకుండా కుర్రాళ్లను నమ్ముకున్నాడు. ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్, మహమ్మద్ యాసిర్ ఆయన చేతుల్లోనే ఎదిగారు. ముందు వరసలో నైజీరియా స్ట్రైకర్ ఓగ్‌బెచే ఛాంపియన్ సీజన్‌లో 18 గోల్స్ కొట్టి గోల్డెన్ బూట్ తీసుకున్నాడు. మరుసటి ఏడాది 42 పాయింట్లతో లీగ్‌లో రెండో స్థానం.

2020-21, 2021-22 సీజన్లలో కోవిడ్ బబుల్ వల్ల మ్యాచులన్నీ గోవాలోనే జరిగాయన్నది మరిచిపోకూడదు. జట్టు ఎదుగుతున్నప్పుడు ఊరు దాన్ని కళ్లారా చూడలేదు. ఆ ఫైనల్ తప్పితే స్టాండ్స్‌లో జనం లేరు, గేటు రాబడి సున్నా. డెక్కన్ లెజియన్ పేరుతో కూడిన అభిమానులు టీవీల ముందే అరిచారు. జట్టుకూ ఊరికీ బంధం ముదరాల్సిన సమయం అలా పోయింది. తర్వాత వచ్చిన కష్టంలో జట్టు ఎందుకంత ఒంటరిగా నిలబడిందో దీన్ని బట్టి కొంత తెలుస్తుంది.

2023 వేసవిలో మనోలో ఎఫ్‌సీ గోవాకు వెళ్లిపోయాడు. జీతాలు ఆగిపోతున్నాయన్న మాట అప్పటికే బయట వినబడుతోంది. ఇక్కడ ఫిఫా నిబంధన ఎలా పనిచేస్తుందో చెప్పాలి. క్లబ్ రెండు నెలల జీతం ఎగ్గొడితే ఆటగాడు 15 రోజుల గడువుతో నోటీసు ఇవ్వవచ్చు. అప్పటికీ ఇవ్వకపోతే కాంట్రాక్టు తెంచుకుని వెళ్లిపోవచ్చు, బకాయి కోసం ఫిఫా దగ్గర కేసు వేయవచ్చు. తీర్పు వచ్చాక 45 రోజుల్లో కట్టకపోతే కొత్త ఆటగాళ్లను రిజిస్టర్ చేసుకోకుండా నిషేధం పడుతుంది. అది వరసగా మూడు ట్రాన్స్‌ఫర్ విండోల దాకా సాగవచ్చు. అంటే జీతం రాని మంచి ఆటగాడు బయటికి పోతాడు, అతని స్థానంలో ఇంకొకణ్ణి తెచ్చుకునే దారి మూసుకుపోతుంది. ఆటగాడికి న్యాయం చేసే నిబంధనే ఇది, తప్పు పట్టలేం. కానీ డబ్బు లేని క్లబ్‌కు ఇది ఉరి బిగిసినట్టే.

హైదరాబాద్‌కు అచ్చం అదే జరిగింది. విదేశీ ఆటగాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. 2024 జనవరిలో చింగ్లెన్‌సానా సింగ్, నిఖిల్ పూజారి బెంగళూరుకు, యాసిర్ గోవాకు మారారు. నిషేధం ఉంది కాబట్టి వాళ్ల చోట్లలోకి రిజర్వు జట్టు కుర్రాళ్లు దిగారు. కోచ్ తంగ్‌బోయ్ సింగ్తో చేతిలో ఉన్నవాళ్లతోనే నెట్టుకొచ్చాడు. 22 మ్యాచుల్లో గెలుపు ఒక్కటి, మొత్తం 8 పాయింట్లు. రెండేళ్ల కిందటి ఛాంపియన్ చొక్కాను ఇరవై ఏళ్ల కుర్రాళ్లు వేసుకుని వారం వారం ఓడుతూ, మళ్లీ వారం తిరిగొచ్చి ఆడారు. ఆ సీజన్ మొత్తంలో నాకు గౌరవం అనిపించినవాళ్లు ఆ పిల్లలే. ఆటలో వాళ్ల తప్పేమీ లేదు.

ఆఖరి స్థానంలో నిలిచినా లీగ్‌లో చోటు పోలేదు, కింది డివిజన్‌కు దిగడం అనేదే లేదు కదా. అసలు గండం లైసెన్స్ దగ్గర వచ్చింది. లీగ్‌లో ఆడాలంటే ఏటా సమాఖ్య నుంచి క్లబ్ లైసెన్స్ తీసుకోవాలి. బకాయిలు తీరాయా, ఖాతాలు సరిగా ఉన్నాయా అని చూస్తారు. ఆ పరీక్షలో హైదరాబాద్ తప్పింది. 2024-25 సీజన్ ముంగిట బీసీ జిందాల్ గ్రూప్ క్లబ్‌ను తీసుకోవడంతో ఊపిరి నిలిచింది. ఆలస్యంగా జట్టు కట్టుకుని ఆ ఏడాది గడిపారు. ఒక్క ఏడాదే.

2025లో లీగ్ మొత్తం సంక్షోభంలో పడింది. 15 ఏళ్ల హక్కుల ఒప్పందం డిసెంబర్‌తో ముగుస్తుందనగా, కొత్తది కుదరలేదని నిర్వాహక సంస్థ ఎఫ్‌ఎస్‌డీఎల్ జులైలో సీజన్‌ను ఆపేసింది. బెంగళూరు ఎఫ్‌సీ ఆటగాళ్ల జీతాలు నిలిపేసింది. సమాఖ్య హక్కులకు టెండరు పిలిస్తే నవంబర్‌లో ఒక్క బిడ్ కూడా రాలేదు. చివరికి కేంద్ర క్రీడాశాఖ కల్పించుకున్నాక 2026 ఫిబ్రవరి 14న, 14 జట్లతో కుదించిన సీజన్ మొదలైంది. అప్పటికి మన జట్టు పేరు పట్టికలో లేదు. ఢిల్లీ పేరు ఉంది. 2019లో ఢిల్లీ పోగొట్టుకున్న చోటు ఆరేళ్లకు మన దగ్గర నుంచి ఆ ఊరికి చేరింది.

ఇంగ్లండ్‌లోనూ క్లబ్బులు డబ్బులేక లీగ్ నుంచి పోతాయి. మాంచెస్టర్ దగ్గర బరీ అనే పట్టణం ఉంది. 1885లో పుట్టిన ఆ ఊరి క్లబ్ 1900లో, 1903లో ఎఫ్‌ఏ కప్ గెలిచింది. 2018 డిసెంబర్‌లో అది ఒక్క పౌండుకు చేతులు మారింది. 2019 వసంతంలో పై డివిజన్‌కు అర్హత కూడా సాధించింది. అప్పటికే ఆటగాళ్లకు జీతాల్లేవు. అప్పులు తీర్చే దారి చూపలేకపోవడంతో ఆ ఆగస్టు 27న లీగ్ దాన్ని బహిష్కరించింది. 125 ఏళ్లుగా లీగ్‌లో ఉన్న క్లబ్ అది. కానీ ఆ తర్వాత జరిగింది చూడాలి. అభిమానుల్లో ఒక వర్గం కొత్త క్లబ్ పెట్టుకుంది, ఇంకో వర్గం పాత మైదానం గిగ్ లేన్‌ను తిరిగి దక్కించుకుంది, 2023లో రెండు వర్గాలూ కలిసి తొమ్మిదో డివిజన్ నుంచి మళ్లీ ఆట మొదలుపెట్టాయి. ఇటలీలో 2015లో దివాలా తీసిన పార్మా నాలుగో డివిజన్ నుంచి మొదలై మూడేళ్లలోనే పై డివిజన్‌కు తిరిగొచ్చింది. అక్కడ క్లబ్ పడిపోయినా ఊళ్లోనే పడింది, లేచినా ఊళ్లోనే లేచింది. కిందనుంచి పైకి నిచ్చెన ఉంది కాబట్టి అది కుదిరింది.

మన దగ్గర ఆ నిచ్చెన మొన్నమొన్ననే వేశారు. అప్పటికి రెండో డివిజన్‌గా మారిన ఐ-లీగ్ గెలిచి 2023-24లో పంజాబ్, మరుసటి ఏడాది మహమ్మదన్ స్పోర్టింగ్ ఐఎస్‌ఎల్‌కు వచ్చాయి. ఆ రెండు సార్లూ రెండో స్థానంలో ఆగిపోయిన జట్టు శ్రీనిధి డెక్కన్. విశాఖపట్నం పేరుతో ఐ-లీగ్‌లో చోటు తీసుకుని, హైదరాబాద్ శివారులోని డెక్కన్ అరీనాను సొంత మైదానం చేసుకున్న క్లబ్ అది. ఫీజు కట్టి కాకుండా గెలిచి ఐఎస్‌ఎల్‌లోకి రావాలని చూసిన తెలుగు జట్టు అది.

నన్నడిగితే లైసెన్స్ నిబంధన మారాలి. సీజన్ మొదలవకముందే ఆ ఏడాది జీతాల సొమ్మును బ్యాంకు గ్యారంటీగా కట్టించుకోవాలి. క్లబ్ చేతులెత్తేస్తే ఆటగాడు ఫిఫా దాకా పోకుండా అందులోంచే ఇవ్వాలి. ఫీజు కట్టినవాడు సీటుతో సహా ఊరు మారే వీలు కూడా ఉండకూడదు. వెళ్లేవాళ్లు వెళ్లొచ్చు, చోటు మాత్రం ఆ ఊరికే మిగలాలి, కింద డివిజన్‌లోనైనా సరే.

గచ్చిబౌలి స్టేడియం ఖాళీగా లేదు. 2024 సెప్టెంబర్‌లో భారత జట్టు కోచ్‌గా మనోలో తన మొదటి మ్యాచ్ ఆడించింది అక్కడే, మారిషస్‌తో, 0-0. అదే ఏడాది డిసెంబర్ 31న రాష్ట్రాల జట్లు తలపడే సంతోష్ ట్రోఫీ ఫైనల్ కూడా అక్కడే జరిగింది. రోబీ హాన్స్‌దా గోల్‌తో బెంగాల్ 1-0తో కేరళను ఓడించింది. లైట్లు వెలుగుతాయి, జట్లు వస్తాయి, ఆడి వెళ్లిపోతాయి.