పీలిస్తే దీపం ఆరుతుందా?

గాలానికి చిక్కిన నాలుగడుగుల సొరను ఓ చేప కింది నుంచి వచ్చి గుటుక్కున మింగేసే వీడియో చూపించి, "మామయ్యా, ఇది మనిషిని కూడా మింగుతుందా?" అన్నాడు మా మేనల్లుడు. ఫ్లోరిడాలో తీసిన వీడియో. చేప పేరు గోలియత్ గ్రూపర్. రెండున్నర మీటర్ల దాకా పెరుగుతుంది. 1961లో అక్కడే గాలానికి పడినది 308 కిలోలు తూగింది. మనిషి దాని మెనూలో లేడులెండి. ఎక్కువగా తినేది పీతల్ని, లాబ్‌స్టర్లని, బద్ధకంగా ఈదే చేపల్ని.

నన్ను కట్టిపడేసేది దాని నోరు. కొరకదు, నమలదు, పీలుస్తుంది. దవడ ముందుకు తోసి నోటిని లోపల ఒక్కసారిగా పెద్దది చేస్తుంది. అక్కడ పీడనం పడిపోతుంది, బయటి నీరు దూసుకొస్తుంది, దాంతోపాటే పీత. నీరు మొప్పల్లోంచి బయటికి, పీత పొట్టలోకి.

ఇందులో ఒక చిక్కుంది. దీపాన్ని నోటితో ఊదకూడదని మా అమ్మమ్మ కేకలేసేది. పీల్చి ఆర్పమని ఉంటే సరిపోయేది, ఎవరివల్లా అయ్యేది కాదు! ఊదితే గాలి ఒకే దారిన పోతుంది. పీలిస్తే అన్ని వైపుల నుంచీ వస్తుంది, అందుకే దూరం రెట్టింపైతే వేగం నాలుగో వంతుకు పడిపోతుంది. మెత్తటి ప్లాస్టిక్ సీసాను నొక్కి పట్టుకుని బకెట్ నీళ్లలో ముంచి, వదలండి. మూతి దగ్గరున్న కరివేపాకు లోపలికి పోతుంది. జానెడు దూరంలోది కదిలీ కదలనట్టు ఉంటుంది. బళ్లో ఈ పాఠం బోర్డు మీదే అయిపోతుంది, బకెట్ దాకా రాదు.

గ్రూపర్‌దీ అదే బాధ. నోరు ఎంత పెద్దదైనా పీత దాదాపు మూతి ముందుకు రావాల్సిందే. అందుకే మాటు కావాలి. పెద్దవి మునిగిన ఓడల్లో, వంతెన స్తంభాల నీడలో ఉంటాయి. పిల్లలు మొదటి ఐదారేళ్లూ, దాదాపు మీటరు పొడవయ్యేదాకా, ఎర్ర మడచెట్ల వేళ్ల సందుల్లో గడుపుతాయి. ఫ్లోరిడా నైరుతి మూల టెన్ థౌజండ్ ఐలండ్స్ మడ అడవులు వీటికి పుట్టిల్లు లాంటివి. మన తీరంలోని దాయాది జాతుల్లో కొన్నిటి పిల్లలూ మడల్లోనే పెరుగుతాయి.

మాటులో కదలకుండా ఉండే చేప ఈటెకు సులువు. అలాగే తరిగిపోతే 1990లో అమెరికా వేట ఆపింది. మళ్లీ పెరిగాయి. తమ గాలాలకు పడ్డ చేపల్ని ఇవి లాక్కుపోతున్నాయని జాలర్ల గొడవ. 2023 నుంచి ఫ్లోరిడా లాటరీ తీసి ఏడాదికి 200 పట్టుకోనిస్తోంది, అదీ 24 నుంచి 36 అంగుళాల లోపువే. అంటే ఇంకా మడవేళ్లు వదలని పిల్లలు.